ఫిలిం నగర్ బండలు, గోదావరి బొగ్గు

జూబ్లీహిల్స్, ఫిలిం నగర్ అనే పేర్లు వినగానే మన పల్లె చదువరులకు సినిమా తారల మేడలు గుర్తుకు వస్తాయి. పండుగకు ఇంటికి వచ్చిన అబ్బాయిలు ఫలానా హీరో గారి గేటు ఎదుట తీయించుకొన్న ఫొటో చూపించడం మనము ఎరిగినదే. ఈ నెల మనము ఆ గేట్ల సంగతి విడిచి, వాటి కింద ఉన్న బండల సంగతి చెప్పుకొందాము. ఆ బండల దగ్గర బయలుదేరి, భూమి మీద ప్రాణులు మూకుమ్మడిగా నశించిన కాలాల వద్దకు వెళ్ళి, అక్కడి నుండి మరల మన వేసవి ఎండల దగ్గరకు రావాలని మా ఉద్దేశము. దారి కొంచెం దూరమే. ఓపిక చేసుకొని మాతో రండి.

మద్రాసులో ఉన్న తెలుగు సినిమా పరిశ్రమ హైదరాబాదుకు తరలి రావడం 1970ల తరువాత ఊపందుకొన్నది. అక్కినేని నాగేశ్వరరావు గారి అన్నపూర్ణ స్టూడియో 1976లో ప్రారంభమైన నాటికి ఆ చుట్టుపట్ల రాళ్ళు, తుప్పలు, గుట్టలే ఎక్కువ. తరువాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. పరిశ్రమ వారి పేరుతోనే ఫిలిం నగర్ వెలసింది. ఇళ్ళకు, రోడ్లకు చోటు కావలసి ఎన్నో బండలను మందుగుండు పెట్టి పేల్చివేశారు. మిగిలిన వాటిని చూస్తే ఎవరో పని గట్టుకొని ఒకదాని మీద ఒకటి పేర్చినట్లు ఉంటాయి. ఎవరూ పేర్చలేదు. నేల లోపలి గ్రానైటు నిలువుగా, అడ్డంగా చీలింది. ఆ చీలికలలో నీరు దిగి అంచులను తిన్నది. మెత్తబడిన మట్టి వానలకు కొట్టుకొని పోగా గుండ్లు నిలిచాయి. వాటిలో కొన్నింటిని నగరాభివృద్ధి సంస్థ వారసత్వపు జాబితాలో చేర్చింది. ఫిలిం నగర్ దగ్గర ఉన్న 'మాన్‌స్టర్ రాక్' అనే బండ, జూబ్లీహిల్స్‌లోని 'ఒబెలిస్క్', 'టోడ్‌స్టూల్' అనే బండలు ఆ జాబితాలోనివే. చార్మినారుతో సమానంగా ఒక బండకు గౌరవం ఇవ్వడం మంచి పనే అని మేము అనుకొంటాము. 1996లో ఏర్పడిన 'సొసైటీ టు సేవ్ రాక్స్' వారు ఇందుకోసం చాలా తిరిగారు.

ఈ బండల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఇది ఎలా తెలిసిందని అడగడం న్యాయమే. కరిగిన రాయి చల్లబడేటప్పుడు దానిలో జిర్కాన్ అనే చిన్న చిన్న స్ఫటికాలు ఏర్పడతాయి. వాటిలో కొద్దిగా యురేనియం చిక్కుకొంటుంది. ఆ యురేనియం ఒక నిర్ణీతమైన వేగముతో సీసముగా మారిపోతూ ఉంటుంది. ఎండకూ, వానకూ, ఒత్తిడికీ ఆ వేగము మారదు. ఎంత యురేనియం మిగిలిందో, ఎంత సీసము పోగయిందో కొలిస్తే ఎంత కాలం గడిచిందో లెక్క తేలుతుంది. కుండలో నూనె ఎంత తగ్గిందో చూచి దీపము ఎంతసేపటి నుండి వెలుగుతున్నదో చెప్పడము వంటిదే ఇది.

ఇన్ని కోట్ల సంవత్సరాలు అనగానే ఆదికాండము చదివిన పెద్దలు కొందరు కనుబొమలు ముడివేస్తారని మాకు తెలుసు. వారికి జవాబుగా మా మాట కంటె, బైబిలు ఒక చేత, రాతి సుత్తి ఒక చేత పట్టుకొని మన దేశములో తిరిగిన ఒక మిషనరీ కథ ముందుకు వస్తున్నది. అంతవరకు ఆగండి.

జూబ్లీహిల్స్ గ్రానైటులో ఒక లోపమున్నది. అది భూగర్భములో కరిగి గడ్డకట్టిన రాయి గనుక దానిలో ఏ ప్రాణి ఎముకా, ఏ ఆకు అచ్చూ ఉండదు. భూమి తన చరిత్రను వ్రాసుకొన్నది వేరే చోట. ఆ నల్లని పుటలు చూడాలంటే రెండు దిక్కులకు వెళ్ళాలి. ఒకటి పడమరకు. చేవెళ్ళ దాటి వికారాబాదు, అనంతగిరి కొండల వైపు పోతే నల్లరాయి, దాని నుండి పుట్టిన నల్లరేగడి నేల కనిపిస్తాయి. రెండవది ఈశాన్యానికి, గోదావరి ఒడ్డున ఉన్న బొగ్గు గనుల వైపు. ముందు బొగ్గు దగ్గరకే వెళదాము. ఎందుకంటే ఫిలిం నగర్‌లో వెలిగే దీపాలకు, తిరిగే ఏ.సి. యంత్రాలకు కావలసిన కరెంటులో పెద్ద భాగము ఆ దిక్కు నుండే వస్తుంది. రామగుండము, పాల్వంచ, భూపాలపల్లి, జైపూరు కేంద్రాలలో కాలేది ఆ బొగ్గే.

1871లో జియోలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ దొర ఇల్లందు ప్రాంతములో బొగ్గు కనుగొన్నాడు. సింగరేణి అనే ఊరి పేరే తరువాత కంపెనీ పేరయింది. ఆ బొగ్గు ఒకప్పుడు అడవి. సుమారు 25 నుండి 30 కోట్ల సంవత్సరాల క్రిందట, పెర్మియన్ అనే యుగములో, మన దేశము ఇప్పుడున్న చోట లేదు. దక్షిణ ధ్రువానికి చేరువగా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో ఒకే ఖండముగా కలిసి ఉండేది. మంచు కరిగిన తరువాత ఆ చలి నేలల బురదలో ఒక జాతి చెట్లు విస్తారముగా పెరిగాయి. ఆకు నాలుక ఆకారములో ఉంటుంది. శాస్త్రజ్ఞులు దానికి గ్లాసాప్టెరిస్ అని పేరు పెట్టారు. చలికాలము రాగానే ఆకులన్నీ రాల్చేది. ఆ ఆకులు, కొమ్మలు నీటి అడుగున కుళ్ళకుండా పొరలు పొరలుగా పడి, పైన మట్టి చేరి, ఎన్నో అడుగుల చెత్త నలిగి అడుగో రెండడుగులో బొగ్గయింది. గని నుండి వచ్చే పలక రాళ్ళలో ఇప్పటికీ ఆ ఆకు అచ్చు ఈనెలతో సహా కనిపిస్తుంది.

ఈ ఆకుకు లోకములో పెద్ద చరిత్రే ఉన్నది. 1912లో దక్షిణ ధ్రువము నుండి తిరిగి వస్తూ మంచులో ప్రాణాలు విడిచిన స్కాట్ దొర, అతని అనుచరులు చివరి వరకు సుమారు 16 కిలోల రాళ్ళను తమ బండి మీద లాగుకొనే వచ్చారు. ఆకలితో, గడ్డకట్టిన కాళ్ళతో ఉన్నా వాటిని పారవేయలేదు. ఆ రాళ్ళలో గ్లాసాప్టెరిస్ ఆకులున్నాయి. మన సింగరేణి ఆకే!

ఇప్పుడు అసలు సంగతికి వచ్చాము. ఆ చెట్టు నేడు లోకములో ఎక్కడా లేదు. కోట్ల సంవత్సరాలు అర్ధ గోళాన్ని కప్పిన అడవి, 25.2 కోట్ల సంవత్సరాల క్రిందట, భూమి లెక్కలో రెప్పపాటు అనదగిన కాలములో తుడిచిపెట్టుకొని పోయింది. అది ఒక్కటే కాదు. సముద్రపు జాతులలో నూటికి 80 మొదలు 90కి పైగా, నేల మీద వెన్నెముక గల జంతువులలో నూటికి 70 వరకు నశించినట్లు అంచనా. పురుగులు సైతము పెద్ద సంఖ్యలో పోయాయి. భూమి చరిత్రలో ఐదు మహా వినాశనాలు జరిగాయని చెబుతారు. వాటిలో ఇది అన్నింటి కంటె ఘోరమైనది.

కారణము ఏమి? సైబీరియాలో భూమి బద్దలై లక్షల చదరపు మైళ్ళ మేర లావా పొంగింది. లావా తగిలి చచ్చినవి ఆ ప్రాంతపు ప్రాణులే. మిగిలిన లోకాన్ని చంపినది వేరు. కరిగిన రాయి పైకి వచ్చే దారిలో తుంగుస్కా ప్రాంతపు పాత బొగ్గు పొరలు, ఉప్పు పొరలు, నూనె గల పొరలు అడ్డు వచ్చాయి. లావా వాటిలోకి జొరబడి వాటిని కాల్చింది. ఆ పొగలో నుండి బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, లెక్కలేనంత ఆకాశములోకి చేరింది. ఆ వాయువు దుప్పటి వంటిది. ఎండను లోపలికి రానిస్తుంది గాని నేల నుండి తిరిగి పోయే వేడిని పట్టి ఉంచుతుంది. భూమధ్య రేఖ దగ్గరి సముద్రాలు 8, 10 డిగ్రీలు వేడెక్కాయి. వేడి నీటిలో ప్రాణవాయువు నిలవదు. పైగా ఆ వాయువు నీటిలో కరిగి సముద్రాన్ని పులుపెక్కించింది. గవ్వలు, పగడాలు తమ గూళ్ళు కట్టుకోలేకపోయాయి. ఆనాటి నీటి వేడి ఎంతో ఎలా తెలిసిందంటారా? సముద్ర ప్రాణుల పళ్ళలో, గవ్వలలో రెండు రకాల ఆక్సిజను ఉంటుంది, ఒకటి తేలిక, ఒకటి బరువు. వాటి పాళ్ళు నీటి వేడిని బట్టి మారతాయి. చచ్చిపోయిన చేప తన జ్వరపు లెక్కను పళ్ళలో దాచి ఉంచిందన్న మాట.

ఇంతటి నాశనము ఎంత కాలములో జరిగింది? చైనాలోని మెయిషాన్ అనే చోట బూడిద పొరలను కొలిచి, సుమారు 60 వేల సంవత్సరాలు, అంతకంటె తక్కువ కూడా కావచ్చునని తేల్చారు. మన వంశావళి లెక్కలో అది ఊహకు అందని కాలము. కాని కొత్త వేడికి అలవాటు పడటానికి, కొత్త చోటుకు వలస పోవటానికి అడవికి అది చాలలేదు. ఆ తరువాత సుమారు కోటి సంవత్సరాల పాటు లోకములో ఎక్కడా బొగ్గు పొర ఏర్పడలేదు. బొగ్గు కావడానికి తగిన అడవే లేదు. మేము ఈ విషయము మొదట చదివినప్పుడు పుస్తకము మూసి కొంతసేపు ఊరుకొన్నాము.

ఒక్కసారి ఆగి, చెప్పినదానిని ఒకచోట చేర్చి చూడండి. గోదావరి బొగ్గు ఏ అడవి శవమో, ఆ అడవి జాతి చచ్చినది సైబీరియాలో బొగ్గు కాలినందువలన. అక్కడ కాల్చినది లావా. ఇక్కడ ఆ అడవి శవాన్నే పైకి తీసి కాలుస్తున్నది మనము.

ఆ తరువాత మరి రెండు వినాశనాలు జరిగాయి. 20.1 కోట్ల సంవత్సరాల నాటి దానికి అట్లాంటిక్ మహాసముద్రము తెరుచుకొంటున్నప్పుడు పొంగిన లావా కారణము. దాని గురించి ఎక్కువ చెప్పము. అయితే దాని తరువాత ఖాళీ అయిన లోకములో పెరిగిన రాకాసి బల్లులలో ఒకటి మన తెలుగు నేల మీదే దొరికింది. అప్పటి ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర కనీసము పన్నెండు జంతువుల ఎముకలు బయటపడ్డాయి. జియోలాజికల్ సర్వే శాస్త్రజ్ఞులు పి. యాదగిరి గారు 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఒక తెలుగు పల్లె పేరు ఈ విధముగా లోకమంతటి పుస్తకాలకు ఎక్కింది. దాని అస్థిపంజరము హైదరాబాదులో బిర్లా సైన్సు మ్యూజియములో నిలబెట్టి ఉన్నది. పొడవు 44 అడుగులు. పిల్లలను జూబ్లీహిల్స్‌లో గేట్లు చూపించడానికి తీసుకొని పోయేవారు ఇక్కడికి కూడా ఒక పూట తీసుకొని పోవలసిందిగా కోరుతున్నాము.

ఆ రాకాసి బల్లుల వంశము 6.6 కోట్ల సంవత్సరాల క్రిందట నశించింది, పక్షులు తప్ప. ఇక్కడ మనము ముందు చెప్పిన నల్లరేగడికి వస్తాము. ఆ కాలములోనే మన దక్కను పీఠభూమి మీద లావా పొంగింది. నేటికీ 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ నల్లరాయి ఉన్నది. మహాబలేశ్వరము వైపు దాని మందము కిలోమీటరుకు మించి ఉంటుంది. వికారాబాదు, ఆదిలాబాదు ప్రత్తి చేలు ఆ లావా అరిగి మట్టి అయిన నేలలే. అంతటితో ఆగలేదు. కొన్ని ప్రవాహాలు పడమటి కనుమల దిక్కు నుండి వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసి రాజమహేంద్రవరము దగ్గర అప్పటి సముద్రములో పడ్డాయి. లోకములో తెలిసిన లావా ప్రవాహాలలో ఇవే అన్నింటికన్న పొడవైనవని శాస్త్రజ్ఞులు అంటున్నారు. గోదావరికి ఇవతల కాతేరు, అవతల పంగిడి, గౌరీపట్నము, దుద్దుకూరుల దగ్గర క్వారీలలో పైన ఒక నల్ల పొర, క్రింద ఒక నల్ల పొర, నడుమ గవ్వలతో నిండిన సున్నపు పొర కనిపిస్తాయి. దొంతరగా పెట్టిన రెండు రొట్టెల నడుమ వెన్న పూసినట్లు ఉంటుంది.

ఆ గవ్వలను పరిశీలించి 1860లో లండనులోని జియోలాజికల్ సొసైటీ పత్రికలో వర్ణించినవారిలో ముఖ్యుడే మేము పైన చెప్పిన మిషనరీ. పేరు స్టీఫెన్ హిస్లాప్. స్కాట్లాండు ఫ్రీ చర్చి పంపగా నాగపూరు వచ్చి బడి పెట్టి, సువార్త చెప్పి, గోండుల భాషను, కథలను వ్రాసిపెట్టాడు. నాగపూరులోని హిస్లాప్ కాలేజి ఆయన పేరు మీదనే ఉన్నది. ప్రయాణాలలో దొరికిన ప్రతి రాయిని విరిచి చూచేవాడు. గ్లాసాప్టెరిస్ ఆకులనూ పోగుచేశాడు, రాజమండ్రి గవ్వలనూ పోగుచేశాడు. పొరల క్రింద పొరలు, వాటి వెనుక ఉన్న అపారమైన కాలము ఆయనకు కనబడుతూనే ఉన్నది. ఆదివారము ప్రసంగము మానలేదు, సోమవారము సుత్తి మానలేదు. 1863 సెప్టెంబరులో పొంగుతున్న ఒక వాగు దాటుతూ కొట్టుకొని పోయి మరణించాడు.

హిస్లాప్ చూచిన ఆ సున్నపు పొరనే సుమారు నూట యాభై ఏండ్ల తరువాత ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు గెర్టా కెల్లర్ గారు, ఆమెతో పనిచేసినవారు మరల పరిశీలించి 2008లో ప్రకటించారు. ఆవగింజ కంటె చిన్నవైన సముద్ర సూక్ష్మజీవుల గుల్లలను వారు లెక్కించారు. క్రింది లావాకు పైన, ఆ నడుమ పొరలో, వినాశనము తరువాత పుట్టిన కొత్త జాతులే కనిపించాయి. అంటే లావా యొక్క పెద్ద పొంగు ముగిసే వేళకే పాత జాతులు పోయాయని వారి వాదన. అయితే 1980లో అల్వరెజ్ తండ్రీ కొడుకులు మరొక కారణము చూపించారు. ఆకాశము నుండి పది కిలోమీటర్ల వెడల్పు గల శిల ఒకటి వచ్చి పడిందని. మెక్సికోలో చిక్సులూబ్ దగ్గర దాని గుంట కూడా దొరికింది. ఎక్కువ మంది శాస్త్రజ్ఞులు చివరి దెబ్బ ఆ శిలదే అంటారు. మన దక్కను లావా అంతకు ముందే భూమిని రెండు మూడు డిగ్రీలు వేడెక్కించి ప్రాణులను బలహీనము చేసిందా, ఎంత మేరకు, అన్నది ఇంకా వాదములో ఉన్నది. రోగికి మొదట జ్వరము, తరువాత పక్షవాతము వస్తే ఏది చంపిందని వైద్యులు వాదించుకొన్నట్లే ఇది.

అన్ని వినాశనాలకూ కారణము వేడి అని మేము అనడము లేదు. 44 కోట్ల సంవత్సరాల నాటి మొదటి దానిలో చలి, మంచు ఎక్కువ పని చేశాయి. కాని ప్రతిసారీ కనిపించేది ఒకటి ఉన్నది. మార్పు ఎంత అన్నదాని కంటె ఎంత వేగము అన్నది ప్రాణాలు తీసింది. భూమి ఇంతకంటె వేడిగా ఉన్న కాలాలు కలవు, ధ్రువాల దగ్గర అడవులు పెరిగిన కాలాలు కలవు. అవి మెల్లగా వచ్చినప్పుడు ప్రాణులు సర్దుకొన్నాయి. "భూమి ఎప్పుడూ మారుతూనే ఉన్నది గదా, ఇప్పుడేమిటి గొడవ?" అని అడిగేవారికి ఈ వేగము గురించి చెప్పాలి.

నేటి వేగము చూడండి. యంత్రాలు రాక ముందు గాలిలో పది లక్షల పాళ్ళకు బొగ్గుపులుసు వాయువు 280 పాళ్ళు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. ఇది రెండు వందల యాభై ఏండ్లలో జరిగింది, అందులోనూ సగానికి పైగా 1970 తరువాత. టన్ను బొగ్గు కాలిస్తే టన్ను కంటె ఎక్కువ వాయువు వస్తుందని చెబితే కొందరు నమ్మరు. పన్నెండు పాళ్ళ కర్బనానికి గాలిలో నుండి ముప్పై రెండు పాళ్ళ ప్రాణవాయువు వచ్చి కలుస్తుంది గనుక బరువు పెరుగుతుంది. సింగరేణి ఒక్కటే 2023-24లో 7 కోట్ల టన్నుల బొగ్గు తవ్వింది. లోకమంతా కలిసి బొగ్గు, పెట్రోలు, గ్యాసు కాల్చి ఏటా 3,700 కోట్ల టన్నుల వాయువు వదులుతున్నది. సైబీరియా లావా ఏడాదికి సగటున వదిలినదాని కంటె ఇది ఎక్కువని అంచనాలు ఉన్నాయి. మొత్తము మీద సైబీరియా వదిలినదే చాలా ఎక్కువ, అది వేల ఏండ్లు వదిలింది గనుక. మనము ఇంకా దాని దరిదాపులకు పోలేదు. 2024వ సంవత్సరము, పూర్వపు సగటు కంటె సుమారు ఒకటిన్నర డిగ్రీలు ఎక్కువ వేడితో, కొలతలు మొదలైన నాటి నుండి అన్నింటికంటె వేడి సంవత్సరముగా నమోదయింది.

అయినంత మాత్రాన ఇప్పుడు పోతున్న ప్రాణులన్నీ వేడి వలననే పోతున్నాయని వ్రాస్తే అది సరి కాదు. మన చేలపై తిరిగే రాబందులు పోయినది పశువులకు వేసిన డైక్లోఫెనాక్ మందు వలన. 1900 తరువాత కనబడక, 1986లో కడప జిల్లాలో మరల కనబడిన కలివికోడికి ముప్పు దాని పొదల నేల తరిగిపోవడము వలన. వేడి వీటి మీద అదనపు బరువు. కొన్నిచోట్ల అదే మొదటి బరువు. మన కోస్తా ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ పిల్లలు ఆడవో మగవో నిర్ణయించేది ఇసుక వేడి. ఇసుక మరీ కాలితే అన్నీ ఆడపిల్లలే పుడతాయి. ఇంకా కాలితే గుడ్లే ఉడికిపోతాయి. 2019లో ఐక్యరాజ్యసమితి మద్దతుతో పనిచేసే శాస్త్రజ్ఞుల సంఘము సుమారు పది లక్షల జాతులకు ముప్పు ఉన్నదని చెప్పింది. ఆరవ మహా వినాశనము మొదలయిందా అని అడిగితే, మొదటి ఐదింటితో పోల్చదగినంత నష్టము ఇంకా జరగలేదని, ఇదే వేగము సాగితే జరుగుతుందని మా సమాధానము. ఇంకా జరగలేదు అన్నదే ఇందులో మంచి వార్త.

మరల జూబ్లీహిల్స్‌కు వద్దాము. అక్కడ 1998లో జాతీయ వనముగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు సుమారు 390 ఎకరాలలో ఉన్నది. నెమళ్ళు, చెట్లు, ముట్టని బండలు. దాని లోపల వేసవి సాయంకాలము నడిచినవారికి, బయట రోడ్డు మీద నడిచినవారికి తేడా ఒంటికే తెలుస్తుంది. బండలు పగలంతా ఎండను మింగి రాత్రి విడుస్తాయి. నడుమ చెట్లుంటే ఆ వేడి తగ్గుతుంది. కాంక్రీటు ఉంటే రెట్టింపవుతుంది. మేడలలోని వారు ఏ.సి. పెట్టుకొంటారు. ఆ యంత్రము గదిలోని వేడిని తీసి వీధిలోకి తోస్తుంది. ఆ వీధి అవతలే ఫిలిం నగర్ బస్తీలు ఉన్నాయి. షూటింగులలో లైట్లు మోసేవారు, సెట్లు కొట్టే వడ్రంగులు, వంటవారు, ఇంటి పనికి పోయే అక్కలు రేకుల ఇళ్ళలో ఉంటారు. సినిమాలో వాన కావాలంటే పైపులతో కురిపిస్తారు గాని, రేకు క్రింద పడుకొన్న పసిపిల్లకు రాత్రి పది గంటలకు చల్లగాలి ఎవరూ కురిపించలేరు. ఆ రేకుల క్రింద ఉన్నవారిలో మన పల్లెల నుండి, మన సంఘాల నుండి పోయిన పిల్లలు ఎందరో.

2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాలలో వడదెబ్బకు పదిహేను వందల మందికి పైగా చనిపోయారని ప్రభుత్వాలే లెక్క చెప్పాయి. వారిలో ఎక్కువ మంది ఎండలో కూలి చేసేవారు, ముసలివారు. ఊరిలో ఉన్నవారికి వేరొక లెక్క ఉన్నది. వరి పూత మీద ఉండగా 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చిపోయి గింజ తాలు అవుతుంది. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన పొలాల లెక్కలు చూచి, రాత్రి వేడి ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి నూటికి పది తగ్గుతున్నదని 2004లో ప్రకటించింది. కంకులు నిండుగా కనబడి కుప్ప దగ్గర తేలిపోతే, దోమపోటు, తెగులుతో పాటు పూత వేళ ఎండ ఎంత ఉన్నదో కూడా గుర్తు చేసుకోండి.

ఇక బొగ్గు కాల్చడము ఆపితే సరిపోతుంది గదా అని పట్టణములో కూర్చొని వ్రాయడము సులువు. మా చదువరులలో కొత్తగూడెము, మందమర్రి, గోదావరిఖని, ఇల్లందు కుటుంబాలు ఉన్నాయి. నల్ల చేతులతో పిల్లలను చదివించుకొన్న తండ్రులు వారు. వారిని నేరస్థులను చేయడము మాకు ఇష్టము లేదు. మన దేశములో ఒక మనిషి పాలికి ఏడాదికి వచ్చే బొగ్గుపులుసు వాయువు సుమారు రెండు టన్నులు, అమెరికాలో పద్నాలుగు టన్నులు. మన దేశములోనే జూబ్లీహిల్స్ మేడకు, అడవి గ్రామములో ఒక బల్బు వెలిగే ఇంటికి ఎంత తేడా ఉంటుందో మీరే ఊహించండి. ఎవరు ఎక్కువ కాల్చారో వారు ముందు తగ్గించుకోవాలని అడగడము న్యాయము. అయితే గాలి ఎవరి పొగ ఎవరిదో చూడదు. తాలు గింజ మన కళ్ళములోనే రాలుతుంది.

భారత ప్రభుత్వము 2070 నాటికి నికరముగా ఈ వాయువును వదలని స్థితికి వస్తామని 2021లో గ్లాస్గో సభలో చెప్పింది. అప్పటికి నేటి పసిపిల్లలకు యాభై ఏండ్లు దగ్గర పడతాయి. గని కార్మికుల సంఖ్య అంతవరకు ఆగలేదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా ఉద్యోగులు ఉండేవారు, ఇప్పుడు నలభై వేల ప్రాంతము. యంత్రాలు, ఓపెన్ కాస్టు గనులు ఆ పని చేశాయి, వాతావరణ ఒప్పందాలు కాదు. ఆ సంస్థే ఇప్పుడు మణుగూరులో, ఇల్లందులో తన భూములలో సౌర విద్యుత్తు పలకలు పరిచింది. కింగ్ దొర మొదట బొగ్గు చూచిన ఇల్లందులో ఎండ నుండి కరెంటు తీస్తున్నారు. అయితే ఒక గనికి వందల మంది కావాలి, పలకలు తుడవటానికి, కాపలాకు పది మంది చాలు. మిగిలిన వారికి ఏ పని, ఏ ఊరిలో, ఎవరి ఖర్చుతో అన్న ప్రశ్నను ఆ పట్టణాల సంఘ పెద్దలు, యూనియను నాయకులు ఇప్పటి నుండే కంపెనీ ముందు పెట్టవలసి ఉన్నది. ఇల్లందు, కొత్తగూడెము వైపు నుండి ఈ విషయమై వచ్చే ఉత్తరాలను రాబోయే సంచికలలో ప్రచురిస్తాము.